టీవీ దగ్గర ఏ బోర్డు, బోరు మోటారు దగ్గర ఏ బోర్డు?

అందరికీ నమస్కారం. నల్గొండలోని మా ఇంటి మేడ గదిలో ఈ వీడియో తీస్తున్నాను. ఈ బల్ల మీద మీకు కనిపిస్తున్నవి అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డులు: రాస్ప్‌బెర్రీ పై 4, పై 5, పక్కన రెండు వేళ్ల వెడల్పున్న పై జీరో 2 డబ్ల్యూ.

బోర్డు కొనేవారు ముందుగా ర్యామ్ ఎంత, ప్రాసెసర్ వేగం ఎంత అని చూస్తారు. టీవీకి తగిలించి వీడియోలు చూడడానికే అయితే, మీ ఫైళ్లు ఏ కోడెక్‌లో (వీడియోను కుదించి దాచే పద్ధతిలో) ఉన్నాయి, దాన్ని డీకోడ్ చేసే, అంటే విప్పి చూపించే, హార్డ్‌వేర్ ఆ బోర్డులో ఉందా అన్నది ముందు చూడాలి. 2019లో వచ్చిన పై 4, హెచ్.264 కోడెక్‌ను 1080పి వరకు, హెచ్‌ఈవీసీ కోడెక్‌ను 4కే వరకు హార్డ్‌వేర్‌తోనే డీకోడ్ చేస్తుంది. 2023లో వచ్చిన పై 5 ఎంతో వేగమైనదే కానీ, అందులో హెచ్.264 డీకోడర్‌ను తీసేశారు. ఆ పని ప్రాసెసరే చేయాలి. చేస్తుంది కూడా, కాకపోతే వేడెక్కుతుంది. పాత యాంప్లిఫయర్ ఉన్నవారు మరొకటి గమనించండి: పై 5లో 3.5 ఎం.ఎం. ఆడియో జాక్ లేదు. ఇంట్లో పెళ్లి వీడియోలు, పాటలు చూసుకోవడానికి నేను పై 4నే ఎంచుకుంటాను.

వేరే కంపెనీ బోర్డు ఆరెంజ్ పై 5లో ఏవీ1 అనే మరో కోడెక్‌కు డీకోడర్ కూడా ఉంది. అయినా మొదటిసారి కొనేవారికి దాన్ని చెప్పను. ఏదైనా పని చేయనప్పుడు రాస్ప్‌బెర్రీ పైకి దొరికినంత సులువుగా దానికి పరిష్కారం దొరకదు.

ఇక నన్ను నెల రోజులు ఏడిపించిన విషయం. మొదట్లో పై 4ను ఇంట్లో ఉన్న ఫోన్ ఛార్జర్‌తో, సన్నని పొడవాటి కేబుల్‌తో నడిపాను. పాట మధ్యలో బొమ్మ ఆగిపోయేది. బోర్డే చెడిపోయిందనుకుని మెమరీ కార్డును రెండుసార్లు ఫార్మాట్ చేశాను. ఒక రాత్రి టీవీ తెర పైమూలన పసుపు రంగు మెరుపు గుర్తు వచ్చి పోవడం చూశాను. బోర్డుకు అందే వోల్టేజీ 4.63 వోల్టుల కంటే తగ్గితే ఆ గుర్తు వస్తుంది. 5 వోల్టుల 3 ఆంపియర్ల మంచి అడాప్టర్ పెట్టాక మళ్లీ అది కనబడలేదు. పై 5కు 5 ఆంపియర్లు కావాలి. 3 ఆంపియర్లతో కూడా బోర్డు ఆన్ అవుతుంది కానీ, యూఎస్‌బీ పోర్టులన్నిటికీ కలిపి 600 మిల్లీ ఆంపియర్లే ఇస్తుంది, దానితో హార్డ్ డిస్కు తిరగకపోవచ్చు.

మన మే నెల ఎండల్లో మేడ గది ఎలా ఉంటుందో మీకు తెలుసు. చిప్ 80 డిగ్రీలు దాటితే బోర్డు తన వేగాన్ని తగ్గించుకుంటుంది. పై 4కు హీట్ సింక్ (వేడిని లాగే లోహపు బిళ్ల), పై 5కు ఫ్యాన్ బోర్డుతో పాటే కొనండి.

జీరో 2 డబ్ల్యూలో ర్యామ్ 512 ఎంబీ మాత్రమే. పాటల పెట్టెకు సరిపోతుంది.

పొలంలో బోరు మోటారును రిలే (బోర్డు ఆదేశంతో పనిచేసే స్విచ్) ద్వారా స్టార్టర్‌కు కలిపి ఆన్, ఆఫ్ చేయడానికి వీటిలో ఏదీ వద్దంటాను. కరెంటు ఉన్నట్టుండి పోతే మెమరీ కార్డులోని సిస్టమ్ దెబ్బతినవచ్చు. అక్కడ రాస్ప్‌బెర్రీ వాళ్లదే, ఒక్క ప్రోగ్రామ్‌ను నడిపే చిన్న బోర్డు పికో డబ్ల్యూ చాలు. దానికి కార్డూ లేదు, ఆపరేటింగ్ సిస్టమూ లేదు, కరెంటు రాగానే మీరు రాసిన ప్రోగ్రామ్ మొదటి నుంచి నడుస్తుంది. దాని పిన్నులు 3.3 వోల్టులవి కాబట్టి, 5 వోల్టుల సెన్సర్ అవుట్‌పుట్‌ను మాత్రం నేరుగా కలపకండి.