బీరువాలో గంధకం బుడ్డి

వేదిక మీది పెద్దలకు దండాలు. శాలువా తర్వాత కప్పుదురు గానీ, ముందు మాట్లాడనియ్యండి. సైన్స్ డే అని పిలిచిన్రు, రోసికైట్ అనే అరుదైన ఖనిజం గురించి చెప్పమన్నరు. చెప్త.

రోసికైట్ అంటే గంధకమే, ఇంకేం కలవదు. బూడిద తెగులుకు మీ నాయన తోటల కొట్టే గంధకంలో ఉన్న అణువులే ఇందులోనూ ఉంటయి. ఎనిమిదేసి పరమాణువులు వంకీలు తిరిగిన గాజుల్లెక్క చుట్టుకుంటయి. గాజులు పేర్చిన తీరే వేరు. మామూలు గంధకం స్ఫటికం రాంబిక్, అంటే నిటారు మూలలది; ఇది మోనోక్లినిక్, అంటే ఒకపక్కకు వాలింది. ల్యాబుల దీన్ని గామా గంధకం అంటరు. మూట్‌మన్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1890లోనే దీని సంగతి చెప్పిండు. నేలలో దొరికింది ఆ తర్వాత, చెక్ దేశపు లెటోవిట్సె దగ్గర హవీర్నాలో. అక్కడి బ్ర్నో నగరపు ప్రొఫెసర్ రోసిట్స్కీ పేరు పెట్టిన్రు. అమెరికా డెత్ వ్యాలీల, ఉప్పు పెచ్చుల్లో సూక్ష్మజీవులు బతికే పొరల్లోనూ కనిపించింది. అరుదెందుకంటరా? మామూలు వేడికి నిలవదు, మెల్లగా రాంబిక్ అయిపోతది.

మన దగ్గర దొరుకుతదా? నల్గొండ రాయి గ్రానైట్. అది మనకిచ్చింది ఫ్లోరైడ్, మన మోకాళ్లనడగండి.

అయితే పిల్లలూ, గామా లేకున్నా బీటా గంధకం, అంటే వేడి మీద ఏర్పడే ఇంకో స్ఫటిక రూపం, చూడొచ్చు. పింగాణీ గిన్నెల గంధకం పొడి వేసి సన్నని మంట మీద కరిగించాలె. 115 డిగ్రీల దగ్గర కరిగి తేనెరంగుకొస్తది. దించి కదలకుండ పెట్టండి. పైన పెచ్చు కట్టంగనే రెండు బొక్కలు పొడిచి లోపలి ద్రవం వంపెయ్యాలె. పెచ్చు లేపితే కింద సూదులు, మెరిసే సూదులు! తెల్లారి చూడండి, రూపం అదే, మెరుపు పోయి మసకబారుతయి. 95.5 డిగ్రీల కింద బీటా ఉండలేదు, లోపల రాంబిక్ అయితది.

ఇది చూపియ్యనియ్యలేదు నన్ను! నేను పనిచేసిన ఒక బడిల గంధకం బుడ్డి బీరువాల ఉండె. ఖర్చయితే రిజిస్టర్‌ల రాయాల్నట. తనిఖీ వచ్చినప్పుడు తీసేది, గుడ్డతో తుడిచేది, మళ్ల లోపల పెట్టి తాళం. పిల్లలేమో పరీక్షల "సూది ఆకారపు స్ఫటికాలు" అని రాసి మార్కులు తెచ్చుకునేటోళ్లు. ఒక్క సూది చూసినోళ్లు లేరు! నేనడిగితే "సిలబస్ అయిపోయింది కద సార్" అన్నరు. అయిపోయింది, నిజమే.

రోసికైట్ సంగతి ఇంక మీ సార్లు చెప్తరు. హెడ్మాస్టర్ గారూ, గంటసేపు ఇచ్చిన్రు, సగమన్న మిగిలి ఉంటది. మీ ల్యాబ్ చాబీ ఎవరి దగ్గరుంది? తెప్పియ్యండి. కిటికీలన్నీ తెరవమనండి, గంధకం అంటుకుంటే దగ్గొస్తది.