బండి గాడి చూపిన దారి: ఒక గ్రామీణ సమాజశాస్త్ర పత్రిక పుట్టి పెరిగిన కథ

[తెర మీద: తెల్లవారుజామున మట్టి రోడ్డు. పొలం దారి నుంచి బయటికొచ్చిన బండి గాడి ఎడమ పక్కకు తిరిగి ఉంటుంది.]

వాన వెలిసిన మర్నాడు మట్టి రోడ్డు మీద బండి నడిస్తే గాడి పడుతుంది. పొలం నుంచి బయటికొచ్చిన గాడి కుడికి తిరిగిందా, ఎడమకి తిరిగిందా చూస్తే చాలు, ఆ ఇంటివాళ్ళు ఏ ఊరికి సరుకులకు పోతున్నారో తెలిసిపోతుంది. ఊళ్ళో పెరిగినవాళ్ళకి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు.

సుమారు 110 ఏళ్ళ కిందట అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో పల్లె జీవితాన్ని పరిశోధించే చార్లెస్ గాల్పిన్ అనే సమాజశాస్త్రవేత్త ఆ గాడినే పట్టుకున్నాడు. ఆయన దగ్గరున్న ప్రశ్న ఒక్కటే: పల్లె ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది?

మనకి ఈ ప్రశ్న వింతగా అనిపిస్తుంది. మన దగ్గర ఊరంటే ఇళ్ళన్నీ ఒకచోట, పొలాలన్నీ చుట్టూ. అక్కడ అలా కాదు. చాలాచోట్ల ఎవరి పొలంలో వాళ్ళ ఇల్లు. ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ మధ్య పెద్ద పెద్ద చేలు. మరి ఎవరు ఏ ఊరివాళ్ళు?

[తెర మీద: కౌంటీ మ్యాప్. ఒక్కొక్క ఇంటి చుక్కా రంగు మారుతుంది.]

గాల్పిన్ వాల్‌వర్త్ కౌంటీ మ్యాప్ ముందేసుకున్నాడు. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. ఈ ఇంటివాళ్ళు సరుకులు ఎక్కడ కొంటారు? బ్యాంకు ఎక్కడ? పాలు ఎక్కడ పోస్తారు? పిల్లలు ఏ హైస్కూలుకి వెళ్తారు? ఏ చర్చికి వెళ్తారు? ఏ ఊరి పేపరు చదువుతారు? ఒక్కో ప్రశ్నకీ ఒక్కో మ్యాపు గీశాడు. 12 ఊళ్ళు, వాటి చుట్టూ గీతలు. ప్రభుత్వం గీసిన హద్దులు ఒక దారిన ఉన్నాయి, జనం బతికే హద్దులు ఇంకో దారిన ఉన్నాయి. 1915లో ఇదంతా ఒక చిన్న బులెటిన్‌గా అచ్చయింది.

ఇక్కడే మన కథకి కావలసిన చిక్కు ఉంది. ఆ బులెటిన్ అచ్చు వేసింది విస్కాన్సిన్ వ్యవసాయ పరిశోధన కేంద్రం. ఎరువులు, పశువుల మేత, చీడపీడల మీద వేసే బులెటిన్ల వరసలో ఇదీ ఒక నంబరు. పక్క రాష్ట్రంలో ఇదే పని చేస్తున్నవాడికి ఇది చేరాలంటే ఎవరో ఒకరు పోస్టులో పంపాలి. చదివి, "ఇక్కడ నీ లెక్క తప్పింది" అని ఎవరైనా రాయాలనుకుంటే, ఆ మాట అచ్చయ్యే చోటు లేదు.

[తెర మీద: 1925 - 1936]

1925లో పర్నెల్ చట్టం వచ్చింది. ప్రతి రాష్ట్ర వ్యవసాయ పరిశోధన కేంద్రానికీ మొదటి ఏడాది 20 వేల డాలర్లు, అక్కడి నుంచి పెంచుకుంటూ ఏడాదికి 60 వేల దాకా. వ్యవసాయ ఆర్థికశాస్త్రంతో పాటు గ్రామీణ సమాజ పరిశోధనకూ అందులో వాటా దొరికింది. ఆ తర్వాత 1929 ఆర్థిక మాంద్యం. పంటల ధరలు పడిపోయాయి, సాయం కోసం పల్లెల్లో జనం వరసలు కట్టారు. ఎవరికి ఎంత సాయం కావాలో తేల్చడానికి ప్రభుత్వం ఈ పరిశోధకుల్నే పిలిచింది. కొద్ది ఏళ్ళలోనే సర్వే కాగితాలు గుట్టలు పడ్డాయి.

రాసేవాళ్ళున్నారు, రాయడానికి విషయం ఉంది, అచ్చయ్యే చోటే లేదు. అమెరికన్ సోషియలాజికల్ సొసైటీలో పల్లెల మీద పనిచేసేవాళ్ళది ఒక విభాగం మాత్రమే. పెద్ద పత్రికల్లో వాళ్ళకి దొరికే పేజీలు తక్కువ.

1936 మార్చిలో మొదటి సంచిక వచ్చింది. పేరు 'రూరల్ సోషియాలజీ'. మూడు నెలలకొకసారి. లూసియానా స్టేట్ యూనివర్సిటీ ఆసరా ఇచ్చింది. అక్కడి యువ ప్రొఫెసర్ టి. లిన్ స్మిత్ మేనేజింగ్ ఎడిటర్‌గా బరువు మోశాడు. మరుసటి ఏడాది డిసెంబరులో ఆ విభాగంవాళ్ళు విడిగా రూరల్ సోషియలాజికల్ సొసైటీ పెట్టుకున్నారు. గమనించండి, ముందు పత్రిక, తర్వాత సంఘం. పత్రిక ఉండబట్టే సంఘానికి నిలబడేందుకు కాళ్ళొచ్చాయి.

విడిపోవడం మీద వాదనలు గట్టిగానే జరిగాయి. వేరు కుంపటి పెడితే మిగతా సమాజశాస్త్రానికి దూరమైపోతామని కొందరి భయం. ఆ భయంలో నిజం ఉందనే నేనంటాను. కానీ ఆ రోజు పత్రిక పెట్టకపోతే ఇప్పుడు చెప్పబోయే వ్యాసం అంతమందికి అందేది కాదు.

[తెర మీద: మొక్కజొన్న చేను. ఒక రైతు కంకులు ఏరి పక్కన పెడుతున్నాడు.]

అయోవా రాష్ట్రం. అక్కడి రైతు పంట చేతికొచ్చాక మంచి కంకులు ఏరి, మరుసటి ఏడాది విత్తనానికి దాచుకునేవాడు. తన విత్తనం తనదే. 1928 ప్రాంతంలో హైబ్రిడ్ మొక్కజొన్న వచ్చింది. దిగుబడి సుమారు 20 శాతం ఎక్కువ, కరువును కొంత తట్టుకుంటుంది. కానీ ఏటా కొనాలి. దాచుకుంటే పనికిరాదు. తాతల నాటి అలవాటు వదులుకుని డబ్బు పెట్టి సంచి కొనాలి.

బ్రైస్ రయాన్, నీల్ గ్రాస్ అనే ఇద్దరు రెండు చిన్న సమాజాల్లో రైతుల్ని ఇంటింటికీ వెళ్ళి అడిగారు. లెక్కకి తీసుకున్న రైతులు 259 మంది. 1941 నాటికి ఇద్దరు తప్ప అందరూ హైబ్రిడ్ వేశారు. కానీ ఎలా వేశారు? మొదటి అయిదేళ్ళలో, అంటే 1933 దాకా, వేసింది 10 శాతం మంది. ఆ తర్వాత మూడేళ్ళకే 40 శాతం. ఆ పైన ఒక్కసారిగా ఊరంతా.

[తెర మీద: మెల్లగా మొదలై, మధ్యలో నిట్టనిలువుగా లేచి, పైన చదునయ్యే గీత.]

కొత్త విత్తనం సంగతి మొదట ఎవరి ద్వారా తెలిసిందంటే ఎక్కువమంది విత్తనాల కంపెనీ సేల్స్‌మన్ పేరు చెప్పారు. సరే, నమ్మి వేసింది ఎవరి మాట మీద అంటే పొరుగు రైతు. తెలియడం ఒకరి వల్ల, నమ్మడం ఇంకొకరి వల్ల. నమ్మినా మొదటి ఏడాదే పొలమంతా వేయలేదు. ఒక మూల కొంచెం వేసి చూసుకున్నారు.

ఈ వ్యాసం చదివినప్పుడు నాకు మా నాన్న గుర్తొచ్చాడు. మాది పత్తి. విత్తనాల కొట్టు గోడ నిండా పోస్టర్లే. మా నాన్న వాటిని తల పైకెత్తి చూసేవాడు కూడా కాదు. గట్టు అవతల చేనులో కాయ ఎలా పట్టిందో మాత్రం పొద్దున్నా సాయంత్రం చూసేవాడు. ఓ రోజు గట్టు దాటి వెళ్ళి కాయ చిదిమి, దూది వేళ్ళతో లాగి చూశాడు. "ఈయేడు అరెకరంలో పెడదాం" అన్నాడు. అంతే. అయోవాలో ఆ పరిశోధకులు ఇల్లిల్లూ తిరిగి రాసుకున్నది సరిగ్గా ఇదే.

ఈ వ్యాసం 1943లో 'రూరల్ సోషియాలజీ' ఎనిమిదో సంపుటిలో అచ్చయింది. పది పేజీలే. కొత్త విషయం జనంలోకి ఎలా పాకుతుందన్న ప్రశ్న మీద ఆ తర్వాత వచ్చిన వేల పరిశోధనలకి ఇదే మూలం. వైద్యం, ఫోన్లు, కుటుంబ నియంత్రణ, అన్నిచోట్లా ఆ గీతే. మన వ్యవసాయ కాలేజీల్లో విస్తరణ విద్య చదివినవాళ్ళని అడగండి, ముందుగా వేసేవాళ్ళు, వెనకగా వేసేవాళ్ళు అని రైతుల్ని విడదీసే పాఠం కంఠస్థంగా చెబుతారు. దాని వేళ్ళు ఇక్కడే ఉన్నాయి.

[తెర మీద: పత్రిక ఆఫీసు బల్ల. కాగితం మీద పేరు కొట్టేసి ఉంటుంది.]

ఒక నిమిషం ఆగి, పత్రిక లోపల పని ఎలా నడుస్తుందో చెప్తాను. ఈ రోజుల్లో ఇలాంటి పత్రికకి ఒక వ్యాసం వస్తే ఎడిటర్ ముందు చదువుతారు. మా పరిధిలోది కాదనుకుంటే అక్కడే తిప్పి పంపిస్తారు. బాగుందనిపిస్తే రాసినవారి పేరు తీసేసి, అదే విషయం తెలిసిన ఇద్దరు ముగ్గురికి పంపుతారు. దీన్నే పీర్ రివ్యూ అంటారు. వాళ్ళు "మీ సర్వేలో కౌలు రైతులు లేరేం?", "ఈ మాటకి ఆధారం ఏది?" అని ప్రశ్నలు రాసి పంపుతారు. రాసినవారు సరిదిద్ది మళ్ళీ పంపాలి. నెలలు పడుతుంది, ఏడాది దాటినా ఆశ్చర్యం లేదు. ఆ చదివేవాళ్ళకి సాధారణంగా పైసా ముట్టదు. కొత్త పత్రికకి అసలు కష్టం ఇదే: పేరు లేదని మంచి వ్యాసం రాదు, మంచి వ్యాసం రాదు గనక పేరు రాదు. ఓపిగ్గా చదివిపెట్టే పది మంది తోడుంటేనే మొదటి అయిదేళ్ళు గట్టెక్కుతుంది.

'రూరల్ సోషియాలజీ'కి ఆ తోడు దొరికింది. గాల్పిన్ తన జ్ఞాపకాల్ని 1937లో ఈ పత్రికలోనే వరసగా రాశాడు. విడి విడి బులెటిన్లలో చెదిరిపోయిన తరానికి ఒక చిరునామా దొరికినట్టయింది.

[తెర మీద: వాషింగ్టన్. ప్రభుత్వ కార్యాలయం తలుపు మూసుకుంటుంది.]

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే భాగం. అమెరికా వ్యవసాయ శాఖలో 1919 నుంచి గ్రామీణ జీవితం మీద ఒక విభాగం ఉండేది. మొదట దానికి పెద్ద గాల్పినే. మంచి జీతాలు, దేశమంతా తిరిగే సిబ్బంది. పత్రిక కన్నా ఎన్నో రెట్లు బలమైనది.

1940లలో ఆ శాఖ ఆధ్వర్యంలో మిసిసిపీలోని కొహోమా కౌంటీ మీద ఒక నివేదిక తయారైంది. నల్లజాతివాళ్ళ బతుకు గురించి, జాతి వివక్ష గురించి ఉన్నది ఉన్నట్టు రాశారు. దక్షిణాది ప్రజాప్రతినిధులు మండిపడ్డారు. అలాంటి సర్వేలకి డబ్బు ఖర్చు పెట్టకూడదని 1946లో చట్టసభే షరతు పెట్టింది.

ఇంచుమించు అదే సమయంలో కాలిఫోర్నియాలో వాల్టర్ గోల్డ్‌ష్మిట్ అనే మానవశాస్త్రవేత్త రెండు ఊళ్ళని పోల్చాడు. ఆర్విన్‌లో పెద్ద పెద్ద కమతాలు. దినూబాలో కుటుంబాలు సొంతంగా చేసుకునే చిన్న కమతాలు. మొత్తం పంట విలువ దగ్గర దగ్గరే. కానీ దినూబాలో దుకాణాలు ఎక్కువ, బడులు మెరుగు, పార్కులున్నాయి, జనం కలిసి నడుపుకునే సంఘాలున్నాయి. ఆర్విన్‌లో ఎక్కువమంది కూలీలు, ఊరికి ఆ కళ లేదు. భూమి ఎవరి చేతిలో ఉందన్నదే ఊరి ముఖాన్ని మారుస్తుందని ఆయన తేల్చాడు. పెద్ద రైతుల వర్గం ఒత్తిడికి రెండో దశ పరిశోధన ఆగిపోయింది. వ్యవసాయ శాఖ అచ్చు వేయని ఆ నివేదిక 1946లో సెనేట్ కమిటీ ద్వారా బయటికొచ్చింది. 1953లో వ్యవసాయ శాఖలోని ఆ గ్రామీణ జీవిత విభాగమే లేకుండా పోయింది.

పత్రిక మాత్రం మిగిలింది. ఎడిటర్లు మారారు, పని ఒక యూనివర్సిటీ నుంచి ఇంకో యూనివర్సిటీకి మారింది, కానీ ఒక ఆఫీసు ఉత్తర్వుతో మూతపడే పరిస్థితి దానికి లేదు.

అలాగని పత్రిక అన్నివేళలా ధైర్యంగా ఉందని చెప్పను. 1950లు, 60లలో కొత్త విత్తనం ఎవరు త్వరగా వేశారు, ఎవరు ఆలస్యం చేశారు అనే వ్యాసాలు లెక్కకు మించి వచ్చాయి. ఆలస్యం చేసినవాడిదే లోపం అన్నట్టు. వాడి చేతిలో డబ్బుందా, అప్పు పుట్టిందా, భూమి వాడిదేనా అన్న ప్రశ్నలు వెనకబడ్డాయి. యంత్రాలొచ్చి పని పోగొట్టుకున్న కూలీల గురించి రాసింది తక్కువ. 1970ల నుంచి కొత్త తరం ఈ లోపాన్నే ఎత్తిచూపింది. అప్పుడే గోల్డ్‌ష్మిట్ ప్రశ్న మళ్ళీ లేచింది. ఆర్విన్, దినూబా పేర్లు ముప్పై ఏళ్ళ తర్వాత పరిశోధకుల నోళ్ళలో నలిగాయి. ఆయన చెప్పింది నిజమా కాదా అని వేరే రాష్ట్రాల లెక్కలతో పరీక్షించారు. కొన్నిచోట్ల నిలబడింది, కొన్నిచోట్ల అంత తేలికగా తేలలేదు. తేలకపోయినా పర్లేదు, అడగడం ఆగలేదు.

ఈలోగా దారి పెద్దదైంది. 1960లో యూరప్‌లో 'సోషియాలజియా రూరాలిస్', 1973లో లండన్ నుంచి 'జర్నల్ ఆఫ్ పెజంట్ స్టడీస్' అనే పత్రికలు వచ్చాయి.

[తెర మీద: హైదరాబాద్, రాజేంద్రనగర్.]

మన గడపకీ ఈ దారి వచ్చింది. 1952 అక్టోబరు 2న మన దేశంలో సమాజాభివృద్ధి పథకం మొదలైంది. అప్పుడు ఫోర్డ్ ఫౌండేషన్ అనే అమెరికా దాతృత్వ సంస్థ తరఫున ఢిల్లీలో ఉన్న డగ్లస్ ఎన్స్‌మింగర్ అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసిన గ్రామీణ సమాజశాస్త్రవేత్త. ఆ విభాగాన్ని గాల్పిన్ తర్వాత నడిపిన కార్ల్ టేలర్ కూడా ఆ పథకం పని మీద ఇక్కడికొచ్చాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఉస్మానియా యూనివర్సిటీలో ఉన్న మానవశాస్త్రవేత్త ఎస్.సి. దూబే, హైదరాబాద్ పక్కన శామీర్‌పేట మీద బృందంతో పనిచేశాడు. ఆ ఊరి మీద ఆయన రాసిన పుస్తకం 1955లో వచ్చింది. సమాజాభివృద్ధి కోసం ముస్సోరీలో పెట్టిన జాతీయ సంస్థ 1960లలో రాజేంద్రనగర్‌కి మారింది. ఇప్పుడు మనం ఎన్.ఐ.ఆర్.డి., అంటే జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ, అని పిలిచేది దాన్నే. అక్కడి నుంచి 'జర్నల్ ఆఫ్ రూరల్ డెవలప్‌మెంట్' వస్తుంది.

[తెర మీద: తెల్ల కాగితం, నాలుగు రంగుల పెన్సిళ్ళు.]

ఈ వీడియో కోసం నేను గాల్పిన్ చేసిన పనే మా ఊరికి చేశాను. మా వీధిలో 22 ఇళ్ళు. ఒక్కో ఇంటికీ వెళ్ళి అడిగాను. పిన్నీ, పాలు ఎక్కడ పోస్తున్నారు? బాబాయ్, బంగారం ఎక్కడ కుదవ పెట్టారు? పిల్లల బస్సు ఏ ఊరి నుంచి వస్తుంది? జ్వరమొస్తే ఎక్కడికి వెళ్తారు? పాలు ఊళ్ళోనే. బడి బస్సు తూర్పున మండల కేంద్రం నుంచి. బంగారం పడమటి టౌన్‌లో, మండల కేంద్రంలో పెడితే చుట్టాలకి తెలుస్తుందని. ఆసుపత్రికి మాత్రం అందరూ జిల్లా దాటి పోతున్నారు. మొదటి మూడు గీతలూ మూడు దారులు పట్టాయి. నాలుగోది కాగితం దాటిపోయింది. ఇంకో కాగితం అతికించి గీయాల్సి వచ్చింది.