కొత్తగా బండి పట్టినోళ్లకు మొదటి ఏడాది ఫోన్ వద్దు

అందరికీ నమస్కారం. ఈ హాల్లో రెండు రకాల వాళ్లున్నారు. కొత్తగా లైసెన్సు చేతికొచ్చిన పిల్లలు ఒకరు. ఆ పిల్లలు గడప దాటిన పది నిమిషాలకే "యాడిదాక వచ్చినవ్ బిడ్డా?" అని ఫోన్ చేసే అమ్మానాన్నలు ఇంకొకరు. ఇవాళ ఇద్దరితోనూ మాట్లాడాలి. కానీ రెండో వాళ్లతోనే మా పని ఎక్కువ.

పదేళ్లుగా కారు నడిపే మనిషికి క్లచ్, గేరు, అద్దం అన్నీ కాలికీ చేతికీ అలవాటైపోయి ఉంటాయి. నెల కింద నేర్చుకున్నవాళ్లకు అట్లా కాదు. మన వరంగల్ నాయుడు పంపు దగ్గర ముందున్న ఆటో ఉన్నట్టుండి ఆగితే బ్రేకు వేయాలి, క్లచ్ నొక్కాలి, గేరు తగ్గించాలి, వెనక ఎవరొస్తున్నారో చూడాలి. ప్రతిదీ గుర్తు తెచ్చుకుని చేయాల్సిందే. అందుకే అదే ఫోన్ కాల్ తండ్రికంటే కొడుకుకు ఎక్కువ ప్రమాదం.

అమెరికాలో కొత్తగా లైసెన్సు వచ్చిన 42 మంది కుర్రవాళ్ల కార్లలో కెమెరాలు పెట్టి 18 నెలలు గమనించారు. ఫలితాలు 2014లో వెలువడ్డాయి. నంబరు డయల్ చేస్తున్నప్పుడు గుద్దుకోవడమో, త్రుటిలో తప్పించుకోవడమో 8 రెట్లు పెరిగింది. ఫోన్ కోసం చేయి చాచినందుకే 7 రెట్లు. అనుభవమున్న పెద్దవాళ్లలో డయల్ చేస్తే పెరిగింది దాదాపు రెండున్నర రెట్లే. చేయి చాచడం గురించిన అంకెను గుర్తుంచుకోండి. ఫోన్ ఎక్కడ పెట్టాలన్నది దాన్నిబట్టే తేలుతుంది.

గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. మెసేజ్ ఎవరిదో చూడడానికి 3 సెకన్లు పడితే 50 మీటర్లు కళ్లు మూసుకుని పోయినట్టే. మన రోడ్ల మీద 50 మీటర్లలో ఏముంటుందో మీకు తెలుసు. కోతల కాలంలో పల్లె రోడ్ల మీద సగం తారు దాకా వడ్లు, వాటి చుట్టూ బండరాళ్లు. రాత్రి పరదా కప్పిన కుప్ప దగ్గరికొచ్చేదాకా కనబడదు. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి, పత్తి వచ్చే రోజుల్లో వెనక లైటు లేని ట్రాక్టరు ట్రాలీలు.

చెవిలో బడ్స్ ఉన్నయి కదా, చేతులు ఖాళీయే కదా అంటారు. చేతులు ఖాళీయే, మనసు మాత్రం మాటల్లో ఉంటుంది. యూటా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2015లో చెప్పినదాని ప్రకారం, నోటితో ఆదేశాలిచ్చి ఫోన్‌తోనో కారు తెరతోనో పని ముగించాక కూడా ధ్యాస పూర్తిగా రోడ్డు మీదికి రావడానికి 27 సెకన్ల దాకా పట్టొచ్చు. 40 వేగంలో అది 300 మీటర్లు. సిగ్నల్ దగ్గర ఎర్రలైటు పడ్డప్పుడు వాట్సాప్ చూసి, పచ్చలైటు పడగానే కదిలే అలవాటు అందుకే మంచిది కాదు.

చట్టం ఏమంటుంది? మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ 2019 సవరణ తర్వాత, చేతిలో ఫోన్ పట్టుకుని నడపడం ప్రమాదకర డ్రైవింగే. మొదటిసారికి 6 నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ధ్యాస చెదరకుండా దారి చూసుకోవడానికి మాత్రం 2020 అక్టోబరు నుంచి వీలిచ్చారు. ఈ నియమాలు కొత్తవాళ్లకూ పాతవాళ్లకూ ఒక్కటే. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో లర్నర్లు, కొత్త లైసెన్సుదారులు ఫోన్ చేత పట్టుకోకుండా మాట్లాడే హ్యాండ్స్‌ఫ్రీ కూడా వాడకూడదు. బ్రిటన్‌లో లైసెన్సు వచ్చిన రెండేళ్లలోపు ఒక్కసారి చేతిలో ఫోన్‌తో దొరికితే 6 పెనాల్టీ పాయింట్లు పడి లైసెన్సే పోతుంది. మన దగ్గర అలాంటి నిబంధన వచ్చేదాకా, ఆ నిబంధన ఇంట్లోనే పెట్టుకోవాలి.

ఇప్పుడు పనిలోకి వద్దాం. బండి స్టార్ట్ చేయకముందే మ్యాప్‌లో ఊరు పెట్టి, గొంతు వినబడేలా సౌండ్ పెంచండి. ఏటూరునాగారం వైపు పోతుంటే ఆ ప్రాంతం మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. అడవిలో సిగ్నల్ పోయి మ్యాప్ ఆగిందంటే చేయి ఫోన్ మీదికి పోతుంది. కారులో ఫోన్ గ్లవ్ బాక్సులో ఉండాలి. స్కూటీకైతే సీటు కింది డిక్కీలో, బైకుకైతే వీపు సంచిలో. ప్యాంటు జేబు వద్దు, అక్కడ వైబ్రేట్ అయితే చేయి పోకుండా ఆగదు. హెల్మెట్‌లో చెంపకు ఇరికించడం ఇంకా చెడ్డది. ఫోన్ జారితే పట్టుకోబోయి హ్యాండిల్ వదిలేస్తారు. చేతికి స్మార్ట్ వాచ్ ఉంటే అదీ తీసి లోపల పెట్టాలి.

డ్రైవింగ్ మోడ్ చాలామంది ఆన్ చేస్తారు, అయినా ఫోన్ మోగుతుంది. ఎందుకంటే కాల్స్ మోగకుండా ఆపే డూ నాట్ డిస్టర్బ్‌లో మళ్లీ మళ్లీ చేసేవాళ్ల కాల్‌ను లోపలికి వదిలే సెట్టింగ్ ఒకటుంటుంది. ఆండ్రాయిడ్‌లో ఒకే నంబరు నుంచి 15 నిమిషాల్లో రెండోసారి వస్తే, ఐఫోన్‌లో 3 నిమిషాల్లో వస్తే మోగుతుంది. మన ఇళ్లల్లో ఎత్తకపోతే వెంటనే మళ్లీ చేయనివారెవరు? దాన్ని ఆపేయండి. ఐఫోన్‌లో డ్రైవింగ్ ఫోకస్ ఉన్నా, ఫోన్ కారు బ్లూటూత్‌కు కలిస్తే కాల్స్ వస్తాయి. కాబట్టి మొదటి ఏడాది బ్లూటూత్ కలపకండి.

అమ్మానాన్నలకు ఒక మాట. బయల్దేరేముందు "పోతున్న", చేరాక "వచ్చిన" అని రెండు మెసేజ్‌లు చాలు. నడుమ ఫోన్ చేయొద్దు. లర్నింగ్ పిల్లల పక్కన నేర్పడానికి కూర్చున్నప్పుడు మీ ఫోన్ కూడా లోపలే ఉండాలి, అవసరమైతే బండి ఆపగలిగేది మీరే. ఇది మీ ఇద్దరి మధ్య ఒప్పందం, తప్పితే 15 రోజులు తాళంచెవి మీ దగ్గరే. ఎవరు తప్పారో మీ కాల్ జాబితాలో టైముతో సహా ఉంటుంది. మీరు చేసిన కాల్ అయితే తప్పు మీదే, బిడ్డను అనకండి.

తప్పనిసరిగా మాట్లాడాల్సివస్తే పెట్రోల్ బంకులోకో బస్టాండు పక్కకో తిప్పి, తారు దిగి, ఇంజన్ ఆపి మాట్లాడాలి. మలుపులో ఆపొద్దు. 108కి చేయాలన్నా అంతే.

ఇక అందరూ ఫోన్లు తీయండి. సెట్టింగ్స్‌లో డూ నాట్ డిస్టర్బ్ తెరిచి, రెండోసారి వచ్చే కాల్‌ను వదిలే ఆ బటన్ వెతకండి. దొరకనివాళ్లు చేయెత్తండి, దగ్గరికొచ్చి చూపిస్తాం.