స్ప్లెండర్, షైన్, ప్లాటినా: ఓనర్ల మాటని ఎలా వినాలి?

సుజాత: ఈ ఎపిసోడ్ వంద, నూట పాతిక సీసీ బళ్ల గురించి. ఆఫీసుకి, పొలానికి, పిల్లల బడికి రోజూ ముప్పై నలభై కిలోమీటర్లు తిరిగే బళ్లు. కొనేముందు ఎవరైనా చేసేది ఆ బండి ఉన్నవాళ్లని అడగడమే. ఒకాయన డెబ్భై ఇస్తోందంటాడు, అదే బండి ఉన్న ఇంకొకాయన యాభై కూడా రావట్లేదంటాడు. ఎవర్ని నమ్మాలి ఈశ్వర్ అన్నా?

ఈశ్వర్: ఇద్దర్నీ నమ్మొచ్చమ్మా. కాకపోతే ఆ ఇద్దర్నీ ముందు కొన్ని అడగాలి. బండి మీద ఒక్కడే వెళ్తాడా, వెనక మనిషి ఉంటారా? ఏ రోడ్డు? ఎంత స్పీడు? సూర్యాపేట పక్క పల్లెల్లో నలభై ఐదు స్పీడు మీద టాప్ గేర్‌లో నిదానంగా పోయేవాడికి వచ్చే మైలేజీ, అమీర్‌పేట సిగ్నళ్ల మధ్య ఫస్టు, సెకండు గేర్లలో నలిగేవాడికి ఎక్కడొస్తుంది?

సుజాత: అసలు మైలేజీ లెక్క కట్టడంలోనే తేడా ఉంటుంది కదా. రెండొందలకి పోయిస్తే ఇంత దూరం వచ్చిందంటారు.

ఈశ్వర్: అంతకుముందు ట్యాంకులో ఎంతుందో తెలీకుండా ఆ లెక్క ఏం లెక్క? మీటర్లో కనిపించే యావరేజ్ కూడా అంచనానే. సెంటర్ స్టాండ్ వేసి, ట్యాంకు మూతి లోపలి అంచు దాకా పోయించి, ట్రిప్ మీటర్ సున్నా చేయాలి. మళ్లీ అదే బంకులో, అదే అంచు దాకా. మధ్యలో 412 కిలోమీటర్లు తిరిగి ఇప్పుడు 6.6 లీటర్లు పట్టిందనుకోండి, 62.4 అన్నమాట. వరుసగా మూడుసార్లు చూసి సగటు తీసుకోవాలి. అంచు దాటి మూత దాకా మాత్రం నింపించొద్దు. కొత్త కాలుష్య నిబంధనల ప్రకారం వచ్చిన బీఎస్6 బళ్లలో పెట్రోల్ ఆవిరిని పట్టే క్యానిస్టర్ ఉంటుంది, దాన్లోకి పెట్రోలే పోతే బండి స్టార్టింగ్‌కి మొండికేస్తుంది.

సుజాత: మైలేజీ మీద మనవాళ్లకి ఇంత పట్టింపు ఉంది కదా, డబ్బుల్లో అది ఎంత?

ఈశ్వర్: నెలకి వెయ్యి కిలోమీటర్లు అనుకుందాం. 65 ఇచ్చే బండికి 15.4 లీటర్లు, 55 ఇచ్చేదానికి 18.2. లీటరు 108 రూపాయలు వేసుకున్నా తేడా మూడొందల పైచిలుకు. ఒక్కరే తిరిగితే ఆ మూడొందలూ మిగుల్చుకోండి, వంద సీసీ తీసుకోండి. రోజూ ఇద్దరు ఎక్కుతారు, దారిలో రెండు ఫ్లైఓవర్లు ఉన్నాయంటే మాత్రం మూడొందల కోసం ఇంజన్‌ని ఏడిపించడం అనవసరం.

సుజాత: సరే, బళ్ల దగ్గరికొద్దాం. హీరో స్ప్లెండర్ ఉన్నవాళ్లు దాన్ని ఒక్క మాట అననివ్వరు.

ఈశ్వర్: ఊరికే కాదు. 97.2 సీసీ, 8 పీఎస్, 112 కేజీలు. తేలిక, పార్టులు ఏ మండలంలోనైనా దొరుకుతాయి, అమ్మితే మంచి రేటొస్తుంది. అవన్నీ నిజాలే. కానీ అదే ఓనర్‌ని హైవే గురించి అడగండి. అరవై దాటితే ఫుట్‌రెస్టుల్లో, హ్యాండిల్లో వణుకు తెలుస్తుంది, నాలుగే గేర్లు కదా. టైర్లు 80/100, 18 అంగుళాలు. సన్న టైరు, తేలిక బండి. లారీ పక్కనుంచి పోతే గాలికి ఊగుతుంది. ఊళ్లో తిరిగేవాడికి ఇది తెలీనే తెలీదు, కాబట్టి చెప్పడు. ఇంకోటి, నాలుగు గేర్లూ ముందుకే నొక్కాలి. వేరే బండి నుంచి వచ్చినవాళ్లకి కొన్నాళ్లు తికమకే.

సుజాత: హోండా షైన్ 125 వాళ్లు మొదట చెప్పేది స్మూత్‌నెస్.

ఈశ్వర్: బటన్ నొక్కితే గర్రుమనే చప్పుడు లేకుండా స్టార్టవుతుంది, దాంతోనే సగంమంది పడిపోతారు. అసలు తేడా టార్క్‌లో, అంటే బండిని లాగే బలంలో ఉందమ్మా. స్ప్లెండర్‌ది 8.05 ఎన్ఎం, దీనిది 11. పైగా ఐదు గేర్లు. ఇద్దరితో ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు గేరు దించే పని తగ్గుతుంది. అదే కంపెనీ షైన్ 100 ఇంకో రకం. 2023లో వచ్చింది, 99 కేజీలే. పెద్ద వయసువాళ్లు, కొత్తగా నేర్చుకునేవాళ్లు సెంటర్ స్టాండ్ సులువుగా వేసుకుంటారు. ట్యాంకు 9 లీటర్లే. బంకు దూరంగా ఉన్న ఊళ్లవాళ్లు ప్లాటినా 100 వైపు చూడటానికి ఒక కారణం ఇదే, దాని ట్యాంకు 11 లీటర్లు. సీటూ సస్పెన్షనూ మెత్తన, గుంతల రోడ్డు మీద నడుం బతుకుతుంది. అమ్మేటప్పుడు స్ప్లెండర్ రేటు మాత్రం ఆశించకండి.

సుజాత: టీవీఎస్ రైడర్ 125?

ఈశ్వర్: 11.38 పీఎస్, మూడు వాల్వులు, పికప్ బాగుంటుంది. కుర్రాళ్లు ఎందుకు కొంటారో అర్థమవుతుంది. స్ప్లిట్ సీటు వేరియంట్ తీసుకునేముందు అమ్మనో నాన్ననో వెనక కూర్చోబెట్టి చూడండి, చీర కట్టుకుని ఒక పక్కకి కూర్చునేవాళ్లకి అది తేలేది షోరూమ్‌లోనే. సీఎన్‌జీతో నడిచే బజాజ్ ఫ్రీడమ్ 125 గురించి కూడా అడుగుతున్నారు. 2 కేజీల గ్యాసు, 2 లీటర్ల పెట్రోలు పడుతుంది. మీరు రోజూ తిరిగే దారిలో సీఎన్‌జీ బంకు ఉంటేనే దాని సంగతి ఆలోచించండి.

సుజాత: ఇప్పుడు ఫిర్యాదులు. కొన్నప్పుడు అరవై ఇచ్చింది, ఏడాది తిరిగేసరికి నలభై ఐదుకి పడింది, బండే బాగోలేదు అంటారు. అందరూ ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ మీదికే తోస్తున్నారు.

ఈశ్వర్: ఇథనాల్ వాటా కొంత ఉంది, కాదనను. ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కంటే దాదాపు మూడో వంతు తక్కువ. పది శాతం కలిపిన పెట్రోల్ నుంచి ఇరవై శాతానికి మారితే లీటరుకి రెండు కిలోమీటర్లు తగ్గాయంటే ఒప్పుకుంటాను. పదిహేను తగ్గాయంటే పెట్రోల్‌ని తిట్టడం మానేసి వెనక చక్రం దగ్గర కూర్చోవాలి.

సుజాత: వెనక చక్రం దగ్గరా?

ఈశ్వర్: ఎక్కువసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు. డ్రమ్ బ్రేక్ బళ్లలో చైను బిగించాలంటే యాక్సిల్ నట్టు వదులు చేసి చక్రాన్ని వెనక్కి జరుపుతారు కదా. చక్రంతో పాటు బ్రేక్ ప్లేటూ వెనక్కి పోతుంది. కాలి పెడల్ నుంచి దానికి వెళ్లే రాడ్ పొడవు మాత్రం అంతే. అంటే చైను బిగించిన ప్రతిసారీ బ్రేక్ కూడా తనంతట తాను బిగుసుకుంటుంది. రాడ్ చివరి నట్టు వదులు చేయకుండా బండి ఇచ్చేస్తే లైనర్లు డ్రమ్ముని రాసుకుంటూనే తిరుగుతాయి. మైలేజీ పోతుంది, లైనర్లు పోతాయి, పికప్ పోయిందని ఓనరు కార్బొరేటర్ విప్పిస్తాడు.

సుజాత: ఇది ఇంట్లో ఎలా కనిపెట్టాలి?

ఈశ్వర్: సెంటర్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో వెనక చక్రం చేత్తో తిప్పండి. సర్రుమని రాసుకున్న చప్పుడుతో వెంటనే ఆగిపోతే పట్టేసినట్టే. ఓ ఐదు కిలోమీటర్లు బ్రేక్ పెద్దగా వాడకుండా వెళ్లొచ్చి హబ్ దగ్గర చెయ్యి పెట్టండి, ముట్టుకోవద్దు, సెగ తెలిసిపోతుంది. స్ప్లెండర్ లాంటి బళ్లలో పెడల్ నొక్కితే 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఖాళీగా దిగి, ఆ తర్వాత బ్రేక్ పట్టాలి. అదీ చూసుకుని, వెనక బ్రేక్ లైటు ఊరికే వెలుగుతోందేమో కూడా చూడండి.

సుజాత: చైను ఎంత వదులుండాలి?

ఈశ్వర్: దాదాపు అంతే, 20 నుంచి 30 మిల్లీమీటర్లు. చైన్ కేస్ పూర్తిగా మూసి ఉండే బళ్లలో కింద చిన్న రబ్బరు బిరడా ఉంటుంది, అది తీసి వేలితో చైనుని పైకీ కిందికీ కదపాలి. ఒక్క చోట చూసి వదిలేయొద్దు. చక్రం కొంచెం కొంచెం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూడాలి. అరిగిన చైను ఒక చోట బిగుతుగా, ఇంకోచోట వేలాడుతూ ఉంటుంది. బాగా బిగుతుగా ఉన్న చోట కొలిచి సరిచేయాలి. తేడా మరీ ఎక్కువైతే కిట్టు మార్చేయడమే. కిట్టు అంటే చైను, ముందు స్ప్రాకెట్, వెనక స్ప్రాకెట్ మూడూ. పాత పళ్ల మీద కొత్త చైను వేస్తే అదీ తొందరగానే అరుగుతుంది. చైనుకి వేసేది 90 నంబరు గేర్ ఆయిల్, ఇంజన్‌లోంచి తీసిన నల్ల ఆయిల్ కాదు.

సుజాత: ఎడమా కుడీ అడ్జస్టర్ల గీతలు సమానంగా ఉండాలి, అదొకటి.

ఈశ్వర్: ఉండాలి. లేకపోతే చక్రం వంకరగా కూర్చుంటుంది, టైరు ఒక పక్కే అరుగుతుంది. గాలి కూడా చెప్పాలి. స్ప్లెండర్‌కి ముందు 25, వెనక ఒక్కరికి 28. ఇద్దరెక్కితే వెనక ఎక్కువ కావాలి, ఎంతో బండితో ఇచ్చిన పుస్తకంలో చూసుకోండి. పంక్చర్ షాపులో అడక్కుండా రెంటికీ 35 కొట్టేస్తారు. ముందు టైరు రాయిలా మారి, వానలో జారుతుంది.

సుజాత: ఎయిర్ ఫిల్టర్ గురించి రెండు రకాలుగా చెప్తారు. గాలి కొట్టి మళ్లీ వేసుకోవచ్చని కొందరు, వద్దని కొందరు.

ఈశ్వర్: ఫిల్టర్ని బట్టి. ఫోమ్ అయితే కడిగి, ఆయిల్ రాసి వేసుకోవచ్చు. ఇప్పటి బళ్లలో ఎక్కువగా ఉండేది జిగురు ఆయిల్ పూసిన పేపర్ ఫిల్టర్, దానికి గాలి కొట్టకూడదు. కొడితే ఆ పూత పోతుంది, సన్న దుమ్ము ఇంజన్‌లోకి పోతుంది. పుస్తకంలో చెప్పిన కిలోమీటర్లకి కొత్తది వేయాలి. మట్టి రోడ్ల మీద తిరిగేవాళ్లయితే ఇంకా ముందే.

సుజాత: ఇంజన్ ఆయిల్ దగ్గర అందరూ కంపెనీ పేరు అడుగుతారు.

ఈశ్వర్: పేరు కాదు, డబ్బా మీద జాసో ఎంఏ అని ఉందా చూడండి. ఈ బళ్లలో క్లచ్ ప్లేట్లు ఇంజన్ ఆయిల్‌లోనే మునిగి తిరుగుతాయి. స్కూటర్లకి వచ్చే ఎంబీ రకం పోస్తే ప్లేట్లు జారతాయి, ఇంజన్ మోగుతుంది, బండి కదలదు. గ్రేడు సాధారణంగా 10డబ్ల్యూ30, మీ బండికేదో పుస్తకంలో ఉంటుంది.

సుజాత: డిప్‌స్టిక్ మీద లెవల్ కూడా తలో రకంగా చూస్తారు. బిగించి చూడాలా, ఊరికే పెట్టి చూడాలా?

ఈశ్వర్: హీరో, హోండా బళ్లలో బిగించకూడదు. సెంటర్ స్టాండ్ మీద రెండు మూడు నిమిషాలు ఇంజన్ ఆడించి, ఆపి, ఇంకో రెండు మూడు నిమిషాలు ఆగాలి. స్టిక్ తీసి తుడిచి, మరలు తిప్పకుండా ఊరికే లోపల ఆనించి తీయాలి. బిగించి చూస్తే స్టిక్ ఇంకా లోపలికి దిగుతుంది కాబట్టి ఆయిల్ ఉన్నదానికంటే ఎక్కువ ఉన్నట్టు కనిపిస్తుంది, తక్కువైనా తెలీదు. సైడ్ స్టాండ్ మీద చూస్తే అసలు లెక్కే కాదు. 900 మిల్లీలీటర్ల డబ్బా కొన్నాం కదా అని మొత్తం ఒంపేయొద్దు, పై గీత దాకా రాగానే ఆపేయండి. మిగిలింది సీసాలో మూత పెట్టి దాచుకుంటే మధ్యలో లెవల్ తగ్గినప్పుడు పనికొస్తుంది.