దారిలో ఆగిపోయే పాత కారు: లోపాన్ని పట్టుకునే పద్ధతి

సభకు నమస్కారం. ఈ సాయంత్రం ఇక్కడికి వచ్చినవారిలో పాత కార్లను ఇంట్లో మనిషిలా చూసుకుంటున్న యజమానులు ఉన్నారు, ఐటీఐలో మోటారు మెకానిక్ ట్రేడు చదువుతున్న పిల్లలూ ఉన్నారు. మీ అందరికీ పనికివచ్చే ఒక్క జబ్బు గురించే నేను మాట్లాడతాను. బాగానే నడుస్తున్న బండి రోడ్డు మధ్యలో ఉన్నట్టుండి ఆగిపోతుంది. పావుగంట గడిచాక ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. షెడ్డుకు తీసుకువెళ్తే అక్కడ మచ్చుకైనా ఆ లక్షణం కనిపించదు. కనిపించని జబ్బుకు ఊహ మీద వైద్యం మొదలవుతుంది: ఈ వారం స్పార్కుకు కావలసిన హై వోల్టేజీ ఇచ్చే కాయిల్, వచ్చే వారం ఫ్యూయల్ పంప్, ఆ తర్వాత పెట్రోలును గాలితో కలిపే కార్బొరేటర్ సర్వీసు. డబ్బు ఖర్చవుతుంది, బండి ఆగుతూనే ఉంటుంది.

నలభై ఏళ్ల పనిలో నేను నేర్చుకున్నది ఏమిటంటే, బండి ఆగిన తర్వాతి రెండు మూడు నిమిషాలలోనే అసలు సాక్ష్యం దొరుకుతుంది. ఆ సమయంలో ఇంజినుకు అందనిది పెట్రోలా, స్పార్కా అన్నది తేల్చుకోగలిగితే సగం పని అయిపోయినట్టే. అది తేలకుండా ఒక్క భాగాన్ని కూడా మార్చవద్దని నేను గట్టిగా చెబుతాను.

అన్నిటికంటే ముందు ప్రాణం సంగతి చూడాలి. ఇంజిన్ ఆగిన తర్వాత బ్రేకు తొక్కడానికి సాయపడే బూస్టరులో మిగిలిన వాక్యూమ్ ఒకటి రెండు తొక్కుళ్లకే సరిపోతుంది కాబట్టి, పెడలును పదేపదే తొక్కకుండా ఒకేసారి నిలకడగా నొక్కి పట్టాలి. బండి కదులుతుండగా తాళం చెవి లాగేస్తే స్టీరింగ్ లాక్ పడిపోతుంది. పూర్తిగా రోడ్డు పక్కకు చేరి, హజార్డ్ లైట్లు వేసిన తర్వాతే బానెట్ తెరవాలి.

ఆగిన తీరును డ్రైవరు గుర్తుంచుకోవడం చాలా అవసరం. స్విచ్ కట్టేసినట్టు టక్కున ఆగిందా, లేక రెండు మూడుసార్లు గుంజి, శక్తి తగ్గి ఆగిందా? మొదటిది ఎక్కువగా కరెంటు వైపు లోపం, రెండోది ఎక్కువగా పెట్రోలు వైపు లోపం. సిగ్నల్ దగ్గర కాలు తీసినప్పుడు మాత్రమే ఆగుతుంటే ఐడ్లింగు, అంటే కాలు తీసినా ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతూ ఉండే స్థితి, వైపు చూడాలి: అప్పుడు పెట్రోలు ఇచ్చే సన్న రంధ్రమైన కార్బొరేటర్ స్లో జెట్టులో మురికి, చిట్లిన వాక్యూమ్ గొట్టం, కార్బొరేటరుకు బదులు ఇంజెక్టర్లు పెట్రోలు చిమ్మే ఇంజెక్షన్ బండి అయితే మసిపట్టిన ఐడిల్ వాల్వ్. డాష్‌బోర్డు కూడా మాట్లాడుతుంది. ఇంజిన్ ఆగగానే చార్జింగ్, ఆయిల్ ప్రెషర్ ఎర్రదీపాలు వెలిగాయంటే బండిలోకి కరెంటు వస్తోందని అర్థం. డాష్‌బోర్డు మొత్తం చీకటైపోతే ఇంజిన్ జోలికి పోనక్కరలేదు. బ్యాటరీ టెర్మినళ్లు, ఎర్త్ వైరు, మెయిన్ ఫ్యూజు, ఇగ్నిషన్ స్విచ్ చూడాలి. బరువైన తాళాల గుత్తి ఏళ్ల తరబడి వేలాడి స్విచ్ కాంటాక్టులు అరిగిపోయిన బండ్లను నేను చాలానే చూశాను.

కార్బొరేటర్ బండిలో పెట్రోలు పరీక్ష చాలా సులువు. ఎయిర్ క్లీనర్ మూత తీసి, ఇంజిన్ ఆపి ఉండగానే యాక్సిలరేటర్ లివరును చేత్తో ఒక్కసారి లాగి, కార్బొరేటర్ నోట్లోకి చూడండి. సన్నటి ధారగా పెట్రోలు చిమ్మితే కార్బొరేటరులో పెట్రోలు నిలవుండే గిన్నె ఖాళీ కానట్టే. ఏమీ చిమ్మకపోతే గిన్నె ఎండిపోయిందనో, లివరు లాగినప్పుడు పెట్రోలు చిమ్మే చిన్న పంపు పాడైందనో అనుకోవాలి. అది పాడైందో లేదో బండి బాగున్న రోజునే ఒకసారి చూసి పెట్టుకుంటే ఈ అనుమానం ఉండదు. స్పార్కు చూడాలంటే వెంట ఒక పాత ప్లగ్గు ఉంచుకోండి. దాన్ని వైరుకు తగిలించి, ఇంజిన్ ఇనుముకు ఆనించి, కార్బొరేటరుకు దూరంగా పెట్టి సెల్ఫ్ కొట్టించండి. నీలిరంగు స్పార్కు దృఢంగా పడితే కాయిల్‌ను అనుమానించవలసిన పనిలేదు.

నా సొంత బండి విషయం ఇక్కడ చెప్పాలి. అది కార్బొరేటర్ బండి. విజయవాడలో బయలుదేరి గుంటూరు వైపు పాతిక కిలోమీటర్లు వెళ్లేసరికి గుంజి గుంజి ఆగిపోయేది, పది నిమిషాలకు మళ్లీ కదిలేది. మే నెల ఎండలు కావడంతో చూసినవారందరూ వేడి వల్లనే అన్నారు, నేనూ అదే నమ్మాను. కాయిల్ మార్చాను, పెట్రోలు పైపులకు తడిగుడ్డలు చుట్టాను. జనవరి వచ్చింది, చలిలోనూ బండి అలాగే ఆగింది. ఆ రోజు మొదటిసారి రోడ్డు పక్కనే పరీక్ష చేశాను. స్పార్కు బాగుంది. లివరు లాగితే చుక్క పెట్రోలు చిమ్మలేదు. ట్యాంకు మూత విప్పితే గాలి పీల్చిన చప్పుడు రాలేదు కాబట్టి మూతలోని గాలి రంధ్రం మూసుకుపోలేదని తేలింది. ఫ్యూయల్ పంపుకు వచ్చే పైపును ఊడదీసి, సైకిలు పంపుతో ట్యాంకు వైపు గాలి కొట్టాను. పిడి మొదట బిగుసుకుంది, తర్వాత ఒక్కసారిగా వదులైంది, ట్యాంకులోంచి బుడబుడమని శబ్దం వచ్చింది. మరునాడు ట్యాంకు దింపి చూస్తే అడుగున రూపాయి బిళ్లంత పల్చటి రేకు ఉంది. ఏదో డబ్బా మూత కింద అంటించే సీలు. పెట్రోలు లాగుతున్నంతసేపూ ఆ రేకు మెల్లగా జరిగి పైపు మూతికి అతుక్కునేది, ఇంజిన్ ఆగి గుంజుడు తగ్గగానే విడిపోయేది. పది నిమిషాల విరామంలో చల్లబడేది ఇంజిన్, విడిపోయేది ఆ రేకు. రెండూ ఒకేసారి జరగడం వల్ల ఎనిమిది నెలలు నేను తప్పు దారిలో తిరిగాను.

అలాగని వేడిని తేలికగా తీసుకోమనడం లేదు. అంబాసిడర్, పద్మిని వంటి బండ్లలో కాయిల్‌కు కరెంటు కలిపి విడదీసే చిన్న కాంటాక్టులు, అంటే పాయింట్లు, ఉంటాయి. వీటిలో స్పార్కును ప్లగ్గులకు పంచే డిస్ట్రిబ్యూటర్ దగ్గర, పాయింట్లు కాలిపోకుండా కాపాడే కండెన్సర్ వేడికి దెబ్బతింటుంది, అరిగేకొద్దీ పాయింట్ల మధ్య ఖాళీ మూసుకుపోతుంది. ఆ ఖాళీ సుమారు 0.4 మిల్లీమీటర్లు ఉండాలి. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉన్న బండ్లలో కాయిల్, పాయింట్ల పని చేసే ఇగ్నైటర్, పికప్ కాయిల్ వేడెక్కినప్పుడే మొరాయించి, చల్లారాక బాగుపడతాయి. చల్లారిన కాయిల్‌ను మల్టీమీటర్‌తో కొలిచి బాగుందని చెప్పడం అందుకే సరిపోదు, చేయి పెట్టలేనంత వేడిగా ఉన్నప్పుడు కొలవాలి. అనుమానమున్న భాగం మీద తడిగుడ్డ వేసి చల్లార్చి చూసే పరీక్ష చేసేటప్పుడు ఒక్కసారికి ఒక్క భాగాన్నే చల్లార్చండి. అన్నిటి మీదా నీళ్లు చల్లితే బండి స్టార్ట్ అవుతుంది గాని, దేనివల్ల ఆగిందో తెలియదు.

ఇంజెక్షన్ బండ్ల వారు చెవులతో మొదలుపెట్టాలి. బండి ఆగినచోటనే తాళం ఆన్ చేస్తే వెనక సీటు కిందనుంచో ట్యాంకు నుంచో రెండు మూడు సెకన్లు పంపు గుయ్యిమన్న శబ్దం రావాలి. రాకపోతే ఫ్యూజు, పంపుకు కరెంటు కలిపే స్విచ్ లాంటి రిలే, వైరింగు, పంపు వరుసగా చూడాలి. పాత రిలేలలో లోపలి టాంకా పగిలి, వేడికి విడిపోతూ ఉంటుంది. శబ్దం వచ్చినా స్టార్ట్ కాకపోతే పెట్రోలు ప్రెషర్ గేజి తగిలించాలి, స్పార్కు లేకపోతే ఇంజిన్ తిరుగుడును కనిపెట్టే క్రాంక్ సెన్సర్‌ను అనుమానించాలి. బండి కంప్యూటరుకు తగిలించే స్కానరులో లోపం కోడ్ కనిపించనంత మాత్రాన సెన్సర్ మంచిదని కాదు.

బంకుల్లో ఇప్పుడు దొరుకుతున్న పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది. అది నీటిని పీల్చుకుంటుంది, ట్యాంకులో ఏళ్లుగా పేరుకున్న మడ్డిని కదిలిస్తుంది, పాత రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది. కాబట్టి పాత బండ్లలో ఫిల్టరును, గొట్టాలను మునుపటికంటే తరచుగా చూసుకోవాలి.

చెప్పవలసింది చెప్పాను, మిగిలింది చేసి చూపించవలసింది. బయట చెట్టు కింద నిలిపిన కార్బొరేటర్ బండి ఈ పూట ఇక్కడికి వచ్చే దారిలో రెండుసార్లు ఆగిందని దాని యజమాని చెప్పారు. దాని ఎయిర్ క్లీనర్ మూత విప్పి ఉంచాను. లివరు లాగడానికి ముందు వరుసలోని పిల్లలలో ఒకరు రండి.