ఇంగ్లీషు మాట్లాడించే యాప్ రివ్యూ: కాస్త ఆగితే చాలు, మాట లాగేసుకుంటోంది

నమస్కారం. ఉద్యోగం చేసుకుంటూ ఇంగ్లీషు మెరుగుపరచుకోవాలనుకునేవారి కోసం వచ్చిన ఒక సంభాషణ యాప్ గురించి ఈ వీడియోలో మాట్లాడబోతున్నాను. కంపెనీవారు ప్రీమియం సభ్యత్వాన్ని ఉచితంగా ఇచ్చారు. డబ్బేమీ ఇవ్వలేదు, ఈ వీడియోను ముందుగా చూపించమని అడగనూ లేదు. యాప్ పేరు, ధర, ఏయే ఫోన్లలో పనిచేస్తుందన్న వివరాలు కింద డిస్క్రిప్షన్‌లో ఉన్నాయి. వాటిని ఇక్కడ మళ్లీ ఏకరువు పెట్టకుండా, నన్ను విసిగించిన విషయానికే నేరుగా వస్తాను.

ఇందులో ఆఫీసుకు సంబంధించిన సన్నివేశాలు చాలా ఉన్నాయి. పని ఆలస్యమైందని క్లయింటుకు చెప్పే సన్నివేశాన్ని ఎంచుకుని, "యెస్టర్‌డే వి టెస్టెడ్ ది పేమెంట్ పేజ్, అండ్..." అని మొదలుపెట్టి, తరువాతి మాట కోసం వెతుక్కుంటూ ఆగాను. అంతలోనే అవతలి గొంతు అందుకుని, "గ్రేట్! సో ది పేమెంట్ పేజ్ ఈజ్ రెడీ" అని సంబరపడింది. ఆ పేజీ పనిచేయడం లేదని చెప్పడానికే నేను నోరు తెరిచాను! ఇలా జరగడం ఆ ఒక్కసారితో ఆగలేదు. సన్నివేశం మార్చినా, గొంతు మార్చినా అదే వరస.

మాట్లాడుతున్నవారు ముగించారో లేదో తెలుసుకోవడానికి ఇలాంటి యాప్‌లు సాధారణంగా నిశ్శబ్దాన్ని కొలుస్తాయి. ఇంగ్లీషు ధారాళంగా వచ్చినవారికి ఆ కొలత సరిపోతుందేమో కానీ, నేర్చుకుంటున్నవారికి సరిపోదు, తెలుగువారికి అసలే సరిపోదు. తెలుగులో ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, దేన్ని అన్నవన్నీ చెప్పుకుంటూ పోయి చివరన క్రియ వేస్తాం కాబట్టి, ఏ క్రియ వాడాలో ఆలోచించుకోవడానికి వాక్యం పొడవునా వ్యవధి దొరుకుతుంది. ఇంగ్లీషులో కర్త నోట్లోంచి వచ్చీరాగానే, తగిన కాలంతో సహా క్రియ సిద్ధంగా ఉండాలి. మనం తడబడేది సరిగ్గా అక్కడే, ఈ యాప్ మన మాట అందుకునేదీ అక్కడే. విదేశాలకు వెళ్లేవారు రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో, స్పీకింగ్ రెండో భాగంలో కూడా ఆలోచించుకోవడానికి 1 నిమిషం ఇచ్చి, ఆ తరువాత 2 నిమిషాల వరకు అభ్యర్థినే మాట్లాడనిస్తారు. పరీక్షలో దొరికే ఆ పాటి వ్యవధి సాధనలో దొరకకపోతే ఎలా?

సెట్టింగుల్లో "నెమ్మదిగా" అన్న ఎంపిక కనిపించగానే ప్రాణం లేచివచ్చింది. తీరా చూస్తే దానివల్ల యాప్ గొంతు నెమ్మదిస్తుందే తప్ప, మన కోసం అది ఎదురుచూసే సమయం ఏమాత్రం పెరగదు. వినేవారికి నిదానం అవసరమని ఈ రంగంలో ఎప్పుడో గుర్తించారు. అమెరికా ప్రభుత్వ ప్రసార సంస్థ వాయిస్ ఆఫ్ అమెరికా 1959లో మొదలుపెట్టిన స్పెషల్ ఇంగ్లీష్ ప్రసారాలు సుమారు 1,500 పదాలతో, మామూలు వార్తలకన్నా నెమ్మదిగా సాగేవి. మాట్లాడేవారికీ అదే నిదానం కావాలన్న సంగతి ఈ యాప్ తయారుచేసినవారికి తట్టినట్టు లేదు.

నేను ఇంతకుముందు వాడిన ఒక యాప్ చూడటానికి చాలా నాసిగా ఉండేది, దాని గొంతు కూడా మరమనిషి గొంతులా ఉండేది. అయినా అందులో మైకు గుర్తును వేలితో నొక్కి పట్టుకున్నంతసేపూ వంతు మనదే. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పంపే ప్రతివారికీ అలవాటైన పద్ధతే అది. అంతకు చాలా ముందు అమీర్‌పేటలో స్పోకెన్ ఇంగ్లీషు తరగతులకు వెళ్లినప్పుడు, మా మాస్టారు ఎవరి వాక్యాన్నీ తాను పూర్తిచేసేవారు కాదు. గదిలో అందరూ మననే చూస్తుంటే చెమటలు పట్టేవి, నిజమే. కానీ ఎలా మొదలైన వాక్యమైనా చివరికి మన నోటితోనే ముగిసేది. ఆ ఇబ్బందిని భరించడం అలవాటు కావడం వల్లనే ఆఫీసు కాల్స్‌లో నాకు కొంత ధైర్యం వచ్చిందని నా నమ్మకం.

ఉచ్చారణ విభాగం మాత్రం నాకు బాగా నచ్చింది. "డెవలప్‌మెంట్" అన్న మాటలో ఇంగ్లీషువారు రెండో అక్షరాన్ని ఒత్తి పలుకుతారు, మనలో చాలామంది మొదటిదాన్ని ఒత్తుతారు. ఇందులో మన గొంతు గీత పైన, వారి గొంతు గీత కింద కనిపించడం వల్ల, వింటే పట్టుబడని ఆ తేడా కంటికి దొరుకుతుంది. "హోటల్" విషయంలోనూ అంతే. ఇక ఇంగ్లీషులోని v, w రెండింటినీ మనం "వ" అనే పలుకుతాం; అలా మొదలయ్యే ప్రతి మాటకూ ఎర్రరంగు వేసి మార్కులు కోయడం అతిగా అనిపించింది. ఆ తేడా వల్ల కాల్‌లో నా మాట అర్థం కాలేదన్నవారు ఇంతవరకు ఎదురుపడలేదు.

పాఠాలు, క్విజ్‌లు, రోజువారీ గుర్తుచేతలు అన్ని యాప్‌లలోనూ ఉన్నట్టే ఉన్నాయి.

డబ్బు పెట్టి కొనమని మాత్రం నేను చెప్పలేను. ఉచ్చారణ విభాగంలో కొంత భాగం ఉచితంగానే దొరుకుతుంది కాబట్టి అంతవరకు వాడుకోండి. ప్రీమియం ట్రయల్ తీసుకునేవారు మాత్రం ట్రయల్ ముగిశాక డబ్బు దానంతటదే కట్ కాకుండా, అదే రోజు మీ యూపీఐ యాప్‌లోని ఆటోపే విభాగంలోకి వెళ్లి ఆ అనుమతిని రద్దు చేసుకోండి. నొక్కి పట్టుకుని మాట్లాడే బటన్ పెట్టమని కంపెనీవారికి రాశాను. అది పెడితే మళ్లీ వాడి చూసి ఇంకో వీడియో చేస్తాను.