క్రిస్‌ముకా వద్దు! రెండు పండగలున్న ఇంట్లో హనుకాని మింగేస్తున్నది ఇదే

క్రిస్‌ముకా అనే పండగ లేదండీ. మళ్లీ చెప్తున్నా, లేదు. క్రిస్మస్ ఉంది, యూదులు ఎనిమిది రాత్రులు దీపాలు పెట్టుకునే హనుకా ఉంది. రెండిటినీ కలిపేసి, దానికో ముద్దుపేరు పెట్టి, కప్పుల మీదా స్వెటర్ల మీదా అచ్చేసి అమ్ముతున్న సరుకు ఉంది. అంతే.

డిసెంబర్ వచ్చిందంటే చాలు, ట్రీ కొసన యూదుల గుర్తయిన దావీదు నక్షత్రం, మెనోరాకి (హనుకా దీపాలు పెట్టే స్తంభానికి) శాంటా టోపీ, నీలం బంతులు కట్టి 'హనుకా బుష్' అని పేరు పెట్టిన చెట్టు. ఆ ఫొటోల కింద రెండు వర్గాలు కొట్టుకోవడం. ఒకళ్లు 'అబ్బ, ఎంత ముచ్చటగా ఉందో' అంటారు, ఇంకొకళ్లు 'మతం మంటగలిసింది' అంటారు. ఈ గొడవంతా మీకు తెలిసిందే, మొదట్నించీ చెప్పను. నేను చెప్పేది ఒక్కటే. అమ్మ క్రిస్టియన్, నాన్న యూదు అయిన ఇంట్లో రెండు పండగలూ చేసుకోండి. నిండుగా చేసుకోండి. కలపకండి! కలిపిన ప్రతిచోటా నష్టపోయేది హనుకానే.

ఎందుకో చూడండి. క్రిస్మస్‌కి బడులకి సెలవు, ఆఫీసులకి సెలవు, నవంబర్ నుంచే ప్రతి షాపులో దాని పాటలు. హనుకాకి ఏముంది? ఎనిమిది సాయంత్రాలు, ఒక్కో సాయంత్రం ఓ అరగంట దీపం. యూదుల మూల గ్రంథం తోరాలో చెప్పిన పండగ కూడా కాదది. ఆ రోజుల్లో పని మానక్కర్లేదు. పిల్లలకి నాలుగు చిల్లర నాణేలు ఇచ్చే ఆనవాయితీ ఉండేది. ఇరవయ్యో శతాబ్దం అమెరికాలో పక్కనే క్రిస్మస్ ఉండబట్టి ఆ నాణేలు ఎనిమిది రాత్రుల గిఫ్టులుగా పెరిగాయి. ఇంత చిన్న పండగని అంత పెద్ద పండగలో కలిపితే మిగిలేది ఏదో చెప్పక్కర్లేదు కదా. ట్రీ మీద వేలాడే ఓ మెనోరా బొమ్మ మిగుల్తుంది.

నా మాట నమ్మొద్దు, అమెరికా సుప్రీంకోర్టు మాట వినండి. 1989, పిట్స్‌బర్గ్ కేసు. కోర్టు భవనం మెట్ల దగ్గర యేసు పుట్టిన పశువులపాక బొమ్మలు ఒక్కటే పెట్టారు. అది ప్రభుత్వం ఒక మతాన్ని భుజాన వేసుకోవడమేనని జడ్జీలు కొట్టేశారు. అదే ఊళ్లో ఇంకో ప్రభుత్వ భవనం ముందు 45 అడుగుల క్రిస్మస్ ట్రీ, దాని పక్కన 18 అడుగుల మెనోరా. దాన్ని మాత్రం ఒప్పుకున్నారు. కారణమేంటి? రెండూ పక్కపక్కన నిలబడితే చూసేవాళ్లకి మతం కనపడదు, 'చలికాలం సెలవుల సీజన్' కనపడుతుంది అని! అర్థమైందా? దేశంలో అతి పెద్ద కోర్టు కూర్చుని, రెండూ కలిస్తే భక్తి పోయి అలంకరణ మిగుల్తుందని తేల్చింది. ప్రభుత్వ భవనానికి అది మంచిదే, అక్కడ అదే కావాలి. మీ ఇంటికి అదే కావాలా?

ఇంకో మాట. హనుకా అసలు కథేంటి? అంతియొకస్ అనే గ్రీకు రాజు యూదుల ఆచారాల్ని నిషేధించి అందర్నీ గ్రీకు పద్ధతిలో కలిపేయాలని చూశాడు. మక్కబీలు అనే యూదు తిరుగుబాటుదారులు ఒప్పుకోలేదు. పోరాడి, క్రీస్తుపూర్వం 164లో జెరూసలేం దేవాలయాన్ని శుద్ధి చేసి మళ్లీ దీపం పెట్టారు. కలిసిపోం అని నిలబడ్డ రోజుని గుర్తుచేసే పండగ ఇది. ఇన్ని పండగలుండగా దీన్నే తెచ్చి ఇంకోదాంట్లో కలిపేస్తామంటే నాకు ఒళ్లు మండిపోతుంది.

అయితే ట్రీ పెట్టొద్దంటావా అని అడుగుతారు. లేదండీ! 1895 డిసెంబర్‌లో, వియన్నాలో థియోడర్ హెర్జెల్ తన పిల్లల కోసం క్రిస్మస్ ట్రీకి దీపాలు పెడుతుంటే సరిగ్గా అప్పుడే ఊరి పెద్ద రబ్బీ (యూదు మతగురువు) గూడెమన్ ఇంట్లోకి వచ్చాడు. ఆ సంగతి హెర్జెల్ తన డైరీలోనే రాసుకున్నాడు. యూదులకో దేశం కావాలని ఉద్యమం నడిపిన మనిషి ఇంట్లోనే ట్రీ ఉంది. అమెరికాలో సర్వేలు చేసే ప్యూ సంస్థ 2013 సర్వే చూడండి, యూదు కాని వాళ్లని పెళ్లి చేసుకున్న అమెరికా యూదుల ఇళ్లలో 71 శాతం ఇళ్లలో ట్రీ పెట్టారు. 2020 సర్వేలో, 2010 తర్వాత పెళ్లయిన యూదుల్లో 61 శాతం మందికి భర్తో భార్యో యూదు కాదు. అంటే ఇది ఎక్కడో ఒక ఇంటి గొడవ కాదు. ట్రీ ఉంటుంది. దాని రోజున దాని గౌరవం దానికి ఇవ్వండి. మెనోరాని మాత్రం దాని కొమ్మల్లోకి తోయకండి.

మన దగ్గర కూడా ఉందండోయ్. గుంటూరు దగ్గర చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అని తెలుగు యూదులున్నారు. ఒకప్పుడు చర్చికి వెళ్లిన కుటుంబాలు, 1980ల నుంచి యూదు ఆచారం పట్టుకున్నాయి. సొంతంగా సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) కట్టుకున్నారు. పక్కింటి క్రిస్మస్‌లో కలిపేసి పని కానివ్వలేదు వాళ్లు.

సరే, కలపకుండా రెండూ ఎలా చేయాలి? ముందు క్యాలెండర్ తీయండి. హనుకా యూదుల క్యాలెండర్‌లో కిస్లేవ్ నెల 25న మొదలవుతుంది. వాళ్లది చాంద్రమానం, మన అధికమాసం లాగానే 19 ఏళ్లలో ఏడుసార్లు ఒక నెల కలుపుతారు. అందుకే తేదీ నవంబర్ ఆఖరు నుంచి డిసెంబర్ ఆఖరు దాకా తిరుగుతుంది. 2024లో మొదటి దీపం సరిగ్గా డిసెంబర్ 25 సాయంత్రం పడింది, క్రిస్‌ముకా వ్యాపారానికి పండగే పండగ. 2026లో డిసెంబర్ 4 సాయంత్రం మొదటి దీపం, 11న ఎనిమిదోది. క్రిస్మస్‌కి ఇంకా రెండు వారాలుంటుంది! ఇంత ఖాళీ ఉన్నప్పుడు కూడా కలుపుతామంటే ఎలా? 4 నుంచి 11 లోపు యూదు తాతయ్య, నానమ్మల దగ్గరికి వెళ్లండి, క్రిస్మస్‌కి అమ్మమ్మ వాళ్లింటికి వెళ్లండి. రెండు ప్రయాణాలు కుదరకపోతే, ఒక ఏడాది ఇటు, ఒక ఏడాది అటు.

దీపాల సంగతి బాగా వినండి, ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. మొదటి రాత్రి ఒకటి, ఆపైన రోజుకొకటి పెరుగుతుంది. కొవ్వొత్తులు కుడి నుంచి ఎడమకి పెట్టాలి, వెలిగించేది ఎడమ నుంచి కుడికి. అంటే ఆ రోజు కొత్తగా చేరిన దీపమే ముందు వెలగాలి. షమాష్ అని విడిగా, కాస్త ఎత్తులో ఉండే దీపంతో మిగతావి వెలిగిస్తారు. షమాష్‌తో కలిపి మొత్తం 44 కొవ్వొత్తులు, డబ్బాలో సరిగ్గా అన్నే వస్తాయి. ఒక్కటి విరిగినా చివరి రోజు తక్కువ పడుతుంది. ప్రయాణంలో అడుగున పెడితే విరుగుతాయి కాబట్టి గట్టి డబ్బాలో సర్దండి. మొదటి రాత్రి మూడు ఆశీర్వచనాలు, తర్వాత రోజూ రెండు. చీకటి పడ్డాక అరగంటైనా దీపం వెలగాలి.

శుక్రవారం మాత్రం లెక్క మారిపోతుంది. షబ్బాత్, అంటే శుక్రవారం సాయంత్రం మొదలయ్యే యూదుల విశ్రాంతి దినం, మొదలయ్యాక నిప్పు ముట్టించకూడదు. అందుకని మెనోరా ముందు, షబ్బాత్ దీపాలు తర్వాత, రెండూ సూర్యాస్తమయానికి ముందే అయిపోవాలి. న్యూయార్క్‌లో డిసెంబర్‌లో అంటే సాయంత్రం నాలుగుంపావు లోపు. చీకటి పడేది ఐదూ ఇరవై ప్రాంతంలో, ఆ పైన అరగంట. అంటే కొవ్వొత్తి గంటన్నర పైనే వెలగాలి. ఆ డబ్బాలో సన్న కొవ్వొత్తులు అరగంటకో, నలభై నిమిషాలకో అయిపోతాయి! శుక్రవారానికి లావు కొవ్వొత్తులో నూనె దీపాలో విడిగా కొనాల్సిందే. 2026లో మొదటి రాత్రీ శుక్రవారమే, ఎనిమిదో రాత్రీ శుక్రవారమే. ఎనిమిదో రాత్రికి తొమ్మిది పెద్ద కొవ్వొత్తులు కావాలి, గుర్తుంచుకోండి.

ట్రీ ఉన్న గదిలో మెనోరా వెలిగించకండి. ఇది ప్రాణాల మాట. కోసిన చెట్టు మొదలుని అర అంగుళం నుంచి అంగుళం దాకా మళ్లీ కోసి, వెంటనే నీళ్లలో పెట్టాలి. కొన్ని గంటలు ఆలస్యమైతే జిగురు కమ్మి, ఆ మొదలు నీళ్లు పీల్చదు. కాండం ఎన్ని అంగుళాల లావుంటే రోజుకి దాదాపు అన్ని లీటర్లు తాగుతుంది. ఇప్పుడు చూడండి ఏమవుతుందో. డిసెంబర్ మొదట్లో ట్రీ తెచ్చారు, హనుకాకి వారం రోజులు వేరే ఊరు వెళ్లారు, నీళ్లు పోసే దిక్కు లేదు. తొట్టి ఎండిపోయింది, ఆకులు పెళుసెక్కాయి. తిరిగొచ్చి ముచ్చటగా ఉంటుందని దాని పక్కనే దీపాలు పెట్టి ఫొటో! ఆకు గిల్లితే పుటుక్కున విరుగుతోందంటే అది చెట్టు కాదు, చితుకు. ఊరెళ్లేవాళ్లు తిరిగొచ్చాకే చెట్టు కొనుక్కోండి. మెనోరా స్థానం కిటికీ దగ్గర, దారిన పోయేవాళ్లకి కనపడేలా. తెర పక్కకి లాగి, కింద రేకు పరిచి పెట్టండి. మైనం అంటుకున్న మెనోరాని గంటసేపు ఫ్రీజర్‌లో పెడితే పెచ్చులుగా ఊడిపోతుంది.

ఇక వంట. లాట్కే అంటే హనుకాకి బంగాళదుంప తురుముతో వేయించే బిళ్ల. కిలో రసెట్ రకం దుంపలకి పెద్ద ఉల్లిపాయ ఒకటి, గుడ్లు రెండు, మాట్జా (యూదుల పులియని రొట్టె) పిండి నాలుగు చెంచాలు. దుంపా ఉల్లీ మార్చి మార్చి తురిమితే నల్లబడదు. గుడ్డలో వేసి గట్టిగా పిండండి, పిండిన నీళ్లు పారబోయకండి! పది నిమిషాలుంచితే అడుగున తెల్లటి గంజి పేరుకుంటుంది. పైన నీళ్లు వంపేసి ఆ గంజిని మళ్లీ తురుములో కలపాలి, బిళ్ల విరగకుండా పట్టుకునేది అదే. ఉప్పు వేయించే ముందే వేయండి, ముందుగా వేస్తే మళ్లీ నీరూరుతుంది. నూనె 180 డిగ్రీలుండాలి. చల్లారిన నూనెలో వేస్తే నూనె తాగి మెత్తబడతాయి. ఒకేసారి పెనం నిండా వేస్తే జరిగేదదే.

కలిపేసే ఇళ్లలో భోజనాల దగ్గర వచ్చే గొడవ చెప్తా. కోషర్ (యూదుల ఆహార నియమాలు) పాటించే తాతయ్య బల్ల దగ్గర కూర్చున్నారు. బ్రిస్కెట్ మాంసం వడ్డించారు, పక్కన లాట్కేలు, లాట్కేల మీద సోర్ క్రీమ్ (పుల్లటి మీగడ). మాంసం, పాలు ఒకే భోజనంలో పడకూడదు, పెద్దాయన లేచి వెళ్లిపోతారు. మాంసం ఉన్న రోజు యాపిల్ సాస్ పెట్టండి. పిల్లలకి పంచే చాక్లెట్ నాణేలు కూడా చూసుకోండి, చాలావరకు పాల చాక్లెట్. పాలు కలవని డార్క్ రకం అడిగి కొనండి. వెన్నతో చేసిన జామ్ డోనట్లదీ అదే సమస్య. వేరే రోజున పెట్టుకుంటే సోర్ క్రీమూ ఉంటుంది, డోనట్లూ ఉంటాయి, ఎవరికీ మనసు నొచ్చుకోదు. ఎనిమిది రాత్రులున్న పండగని ఒక్క పూటకి కుదిస్తే ఇవన్నీ ఒకదాన్నొకటి తన్నుకుంటాయి.

విమానం ఎక్కేవాళ్లకి. అమెరికా విమానాశ్రయాల్లో మామూలు కొవ్వొత్తులు చేతిసంచిలో పర్వాలేదు, జెల్ కొవ్వొత్తులు కుదరవు. అగ్గిపెట్టెలు చెక్-ఇన్ బ్యాగులో అసలు పెట్టకూడదు, చేతిసంచిలో సేఫ్టీ అగ్గిపుల్లల పుస్తకం ఒక్కటే. యాపిల్ సాస్, సోర్ క్రీమ్ వంద మిల్లీలీటర్లు దాటితే ద్రవాల కిందే తీసేస్తారు. అందంగా చుట్టిన గిఫ్టుని విప్పమంటే విప్పాల్సిందే, అందుకే సంచుల్లో పెట్టి తీసుకెళ్లి అక్కడే చుట్టండి. హోటల్ గదిలో నిప్పు ఒప్పుకోరు. బల్బుల మెనోరా పెట్టుకోవచ్చు, కానీ దాని మీద ఆశీర్వచనం చెప్పడానికి చాలామంది రబ్బీలు ఒప్పుకోరు. హోటల్‌కి ముందే ఫోన్ చేసి, మనిషి కాపలా ఉండే చోట వెలిగించుకోనిస్తారా అని అడగండి.

కలపక తప్పదనిపించే ఏడాది ఒకటి వస్తోంది, దానికి ఇప్పుడే సిద్ధం కావాలి. 2027 డిసెంబర్ 24 శుక్రవారం. హనుకా మొదటి రాత్రి, షబ్బాత్, క్రిస్మస్ ముందురోజు, మూడూ ఒకే సాయంత్రం! అప్పుడు కూడా కలపక్కర్లేదు, గంటలు పంచుకుంటే చాలు. న్యూయార్క్ లెక్కన నాలుగుంపావు లోపు మెనోరా, వెంటనే షబ్బాత్ దీపాలు. ఐదూ యాభై దాకా ఇంట్లో ఒకళ్లు దీపం దగ్గరే ఉండాలి, వెలుగుతున్న దీపాన్ని వదిలేసి చర్చికి బయల్దేరకూడదు. ఆరాధన సాయంత్రం ఐదింటిది కాకుండా రాత్రిది పెట్టుకోండి. 25 సాయంత్రం రెండో దీపం షబ్బాత్ ముగిశాకే, అంటే క్రిస్మస్ విందు మధ్యాహ్నానికి జరపండి. మీరు డల్లాస్‌లో ఉన్నా, న్యూజెర్సీలో ఉన్నా, ఆ రోజు మీ ఊళ్లో సూర్యుడు ఎన్నింటికి అస్తమిస్తాడో చూసి కామెంట్లో పెట్టండి, ఏ పని ఎన్నింటికో అక్కడే లెక్క వేసి చెప్తాను.